నేరమొకటి, అభియోగమొకటి

ఏ దేశంలోనైనా ఒక మాజీ అధినేత జైలుకు వెళ్లాడని వార్త వస్తే మనవాళ్లలో ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. 2017లో దక్షిణ కొరియాలో పార్క్ గ్యున్ హేను అరెస్టు చేసినప్పుడు వినిపించింది. 2025లో ఫ్రాన్సు మాజీ అధ్యక్షుడు సర్కోజీ కారాగార ద్వారం దాటినప్పుడూ వినిపించింది. "వాళ్లది దేశమండీ! మన దగ్గర అటువంటిది ఎన్నడైనా జరుగుతుందా?" అని. జరగకేమి, జరిగింది. జరిగిన తీరును మరచిపోయాము కనుకనే ఆ నిట్టూర్పు. జరిగినది ఎందుకు విఫలమైనదో ఒకసారి తలచుకోవడం అవసరమని నాకు తోస్తున్నది.

1977 అక్టోబరు 3, సోమవారం. గాంధీ జయంతి మరునాడు. ఆనాటి సాయంత్రం సి.బి.ఐ. అధికారులు ఢిల్లీలో 12, విల్లింగ్డన్ క్రెసెంట్ అనే ఇంటికి వెళ్లి, అంతకు ఆరు నెలల ముందు వరకు దేశాన్ని ఏలిన ఇందిరాగాంధీని అవినీతి ఆరోపణల మీద అరెస్టు చేశారు. అదే రోజున ఆమె మంత్రివర్గంలో పనిచేసిన మరికొందరిని కూడా పట్టుకున్నారు. స్వతంత్ర భారతదేశంలో ఒక మాజీ ప్రధానిని అరెస్టు చేయడం అదే మొదలు. చేతులకు బేడీలు వేయండి, వేయనిదే కదలనని ఆమె పట్టుబట్టారు. వేయడానికి అధికారులు సాహసించలేదు. ఈలోగా పత్రికలవారు, అనుచరులు గుంపులుగా చేరుకున్నారు. చివరకు ఆమెను కారెక్కించి హర్యానాలోని బడ్ఖల్ సరస్సు వైపు తీసుకువెళ్లారు. దారిలో రైల్వే గేటు పడింది. ఆమె కారు దిగి ఒక కల్వర్టు మీద కూర్చున్నారు. ఢిల్లీ ఎల్లలు దాటించే అధికారం మీకు లేదని వెంట వచ్చిన న్యాయవాదులు వాదించారు. అధికారులు వెనుదిరిగి ఆ రాత్రికి ఢిల్లీలోనే పోలీసు లైన్సులో ఉంచారు. మరునాడు మేజిస్ట్రేటు ఎదుట నిలబెడితే, నిర్బంధంలో ఉంచడానికి తగిన ఆధారమేదీ లేదని ఆయన ఆమెను ఏ షరతూ లేకుండా విడిచిపెట్టారు. ఒక్క రాత్రితో అంతా ముగిసింది.

అభియోగాలేమిటి? 1977 ఎన్నికల ప్రచారానికి వ్యాపార సంస్థల చేత జీపులు సమకూర్పించుకున్నారన్నది ఒకటి. చమురు అన్వేషణకు సంబంధించిన ఒక కాంట్రాక్టును ఎక్కువ మొత్తానికి ఒక ఫ్రెంచి కంపెనీకి దక్కేలా చేశారన్నది రెండవది. ఇవి చిన్నవని నేననడం లేదు. పదవిని అడ్డుపెట్టుకొని జీపు తీసుకున్నా అది తప్పే. కాని ఆ 1977వ సంవత్సరంలో దేశం ఆమె మీద మోపిన నేరం జీపులదా?

1975 జూన్ 25 రాత్రి మొదలుకొని 1977 మార్చి 21 వరకు ఇరవైఒక్క నెలలు దేశం అత్యవసర పరిస్థితిలో ఉన్నది. షా కమిషన్ లెక్క ప్రకారం మీసా కింద 34,988 మందిని, దేశరక్షణ నిబంధనల కింద 75,818 మందిని పట్టి బంధించారు. 1975-76లో 26 లక్షలున్న కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు మరుసటి ఏడాదిలో 81 లక్షలకు చేరాయి. వాటిలో బలవంతాన చేసినవి ఎన్నో ఊరూరా ప్రజలకు తెలుసు. ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు వద్ద ఇళ్లు కూల్చివేశారు. పత్రికలకు ముందస్తు సెన్సారు విధించారు. మన తెలుగునాట విప్లవ రచయితల సంఘానికి చెందిన పలువురిని జైళ్లలో పెట్టారు. తెలుగు వచన కవితకు కొత్త నడక నేర్పిన పఠాభి భార్య స్నేహలతారెడ్డి సంగతి సాహిత్యాభిమానులకు చెప్పనక్కరలేదు. ఉబ్బసవ్యాధి ఉన్న ఆ నటీమణిని 1976 మే నెలలో అరెస్టు చేసి బెంగుళూరు సెంట్రల్ జైలులో ఉంచారు. 1977 జనవరి 15న పెరోలు మీద విడిచిపెట్టారు. అయిదు రోజులకే, జనవరి 20న, ఆమె మరణించారు. ఆమె మీద నేరం రుజువైనదీ లేదు, ఆమె మరణానికి ఒకరు శిక్ష అనుభవించినదీ లేదు.

ఇంతటి దోషం కళ్లెదుట ఉండగా అప్పటి ప్రభుత్వం జీపులను ఎందుకు పట్టుకున్నది? ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. అత్యవసర పరిస్థితి చట్టప్రకారమే వచ్చింది. రాష్ట్రపతి సంతకం చేశారు, పార్లమెంటు ఆమోదించింది. నిర్బంధితుడికి కోర్టుకు వెళ్లే హక్కు కూడా లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పే చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులలో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. తరువాత ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటిపోయింది. ఒక దేశపు స్వేచ్ఛను చట్టబద్ధంగా హరించినవారిని శిక్షించే సెక్షను శిక్షాస్మృతిలో ఎక్కడున్నది? లేదు. కనుక హోంమంత్రి చరణ్ సింగ్ చేతికి దొరికిన సెక్షనును పట్టుకున్నారు. నేరానికి సెక్షను లేదు, సెక్షను ఉన్నదానికి అప్పటికి రుజువు లేదు. ఈ రెంటి నడుమ ఆ అరెస్టు జారిపోయింది.

పైగా ఆ తొందరకు అవసరమేమున్నది? అత్యవసర పరిస్థితిలో జరిగిన అక్రమాలను విచారించడానికి సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జె.సి. షాతో ఒక కమిషన్‌ను 1977 మే నెలలోనే వేశారు. సెప్టెంబరు చివరలో బహిరంగ విచారణ మొదలైంది. ఎవరి నోటిమాట మీద ఎవరిని పట్టుకున్నారో, ఏ కాగితం మీద ఎవరు సంతకం చేశారో అధికారులే వచ్చి చెప్పడం అప్పుడే ఆరంభమైంది. దేశమంతా చెవియొగ్గి వింటున్న సమయమది. సరిగా ఆ వారంలోనే అరెస్టు. అంతవరకు సాక్షుల మీద ఉన్న చూపు ఒక్కసారిగా కల్వర్టు మీద కూర్చున్న ఒంటరి స్త్రీ మీదకు మళ్లింది. అధికారంలో ఉండగా లక్షమందిని విచారణ లేకుండా బంధించిన వ్యక్తి, విచారణ లేకుండా బంధితురాలైన వ్యక్తిగా జనానికి కనిపించింది. ఆ రూపాన్ని ఆమెకు ప్రసాదించినవారు ఆమె ప్రత్యర్థులే.

అర్థశాస్త్రం మొదటి అధికరణంలో కౌటిల్యుడు దండాన్ని గురించి చెప్పిన మాట పాతదే అయినా ఇక్కడ అతికినట్లు సరిపోతుంది. కఠినంగా దండించేవాణ్ణి చూసి జనం బెదురుతారు, మెత్తగా దండించేవాణ్ణి లెక్కచేయరు, తగినట్లు దండించేవాణ్ణే గౌరవిస్తారు అని ఆయన భావం. దానికి ఆయన వాడిన మాట యథార్హదండం. అర్హతకు తగిన దండన. ఎంత దండించాలన్నదే కాక, దేనికి దండించాలన్నది కూడా ఆ అర్హతలో భాగమని నేను అర్థం చేసుకుంటాను. హత్య చేసినవాడి మీద పిడకలు దొంగిలించాడని కేసు పెడితే, ఆ కేసు గెలిచినా హతుడికి న్యాయం జరగదు. ఓడిందా, హంతకుడు నిర్దోషిగా ఊరేగుతాడు.

సరిగా అదే జరిగింది. ఆ అరెస్టు తరువాత నాలుగు నెలలకు, 1978 ఫిబ్రవరిలో, మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలు జరిగాయి. నెల క్రితమే చీలి ఏర్పడిన ఇందిరా కాంగ్రెసు 294 స్థానాలలో 175 గెలుచుకున్నది. పక్కనున్న కర్ణాటకలోనూ గెలిచింది. అరెస్టొక్కటే దానికి కారణమని నేనెంతమాత్రం చెప్పను. 1977 పార్లమెంటు ఎన్నికలలో సైతం ఈ రాష్ట్రం 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. మిగిలిన ఒక్క నంద్యాల నీలం సంజీవరెడ్డిగారిది. ఉత్తరాదిని ముంచెత్తిన ఆగ్రహం ఇక్కడ అంతగా లేదన్నది నిజం. కాని ఉత్తరాదిలో కూడా ఆ ఆగ్రహం కరగడానికి ఎంతో కాలం పట్టలేదు. 1978 నవంబరులో ఆమె చిక్‌మగళూరు నుంచి లోక్‌సభకు వచ్చారు. డిసెంబరు 19న సభాహక్కుల ఉల్లంఘన పేరుతో సభ ఆమెను బహిష్కరించి తీహారు జైలుకు పంపింది. వారం రోజులకు బయటికి వచ్చారు. రెండవ జైలు మొదటిదానికన్నా ఎక్కువ సానుభూతినే తెచ్చిపెట్టింది.

ఆ పిమ్మట జరిగినది కథలో రాస్తే నమ్మశక్యం కాదంటారు. ఆమెను అరెస్టు చేయించిన చరణ్ సింగ్ 1979 జూలై 28న ఆమె పార్టీ మద్దతుతోనే ప్రధాని అయ్యారు. ఆ మద్దతు ఉపసంహరించుకోగానే ఆగస్టు 20న, పార్లమెంటు ముఖం చూడకుండానే, రాజీనామా చేశారు. 1980 జనవరి ఎన్నికలలో ఆమె రాయబరేలీతో పాటు మన మెదక్ నుంచి కూడా పోటీ చేసి, ఎస్. జైపాల్ రెడ్డిని ఓడించారు. రెండింటిలోనూ గెలిచి మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న మరణించేనాటికి ఆమె మెదక్ సభ్యురాలే. 1979లో చట్టం చేసి పెట్టిన ప్రత్యేక న్యాయస్థానాలు, వాటిలోని కేసులు ఆమె తిరిగి రావడంతో నీరుగారిపోయాయి. షా కమిషన్ మూడు నివేదికలు అటకెక్కాయి. జీపుల కేసుతో పాటు జైళ్ల కేసు కూడా పోయింది. లక్ష మందికి జరిగిన అన్యాయం ఒక కక్షసాధింపు కథలో కలిసిపోయింది. ఆ అరెస్టుకు దేశం చెల్లించిన మూల్యం ఇదీ.

ఇప్పుడు దీనికి పక్కనే రెండు విషయాలను పెట్టి చూడండి.

మొదటిది, 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఇచ్చిన తీర్పు. 1971 ఎన్నికలలో ఒక ప్రభుత్వోద్యోగి సేవలను వాడుకున్నారని, సభా వేదికలను ప్రభుత్వాధికారుల చేత వేయించుకున్నారని తేల్చి, పదవిలో ఉన్న ప్రధానమంత్రి ఎన్నికను ఆయన రద్దు చేశారు, ఆరేళ్ల పాటు అనర్హత విధించారు. ఆ నేరాలూ చిన్నవేనని అప్పుడు చాలామంది అన్నారు. అయినా ఆ తీర్పుకు దేశం కంపించింది. ఎందుకు? నాలుగేళ్లు సాక్ష్యం విని, వాది ప్రతివాదులకు సమానంగా అవకాశమిచ్చి, రుజువైనంత మేరకే చెప్పిన మాట అది. పోలీసు జీపు లేదు, బేడీల ప్రసక్తి లేదు. రుజువుతో ఒక న్యాయమూర్తి పదవిలో ఉన్న ప్రధానిని నిలబెట్టగలిగాడు. రుజువు లేని హోంమంత్రి పదవి పోయిన ప్రధానిని ఒక్క రోజు నిలపలేకపోయాడు.

రెండవది, అదే జనతా ప్రభుత్వం 1978లో తెచ్చిన 44వ రాజ్యాంగ సవరణ. "అంతర్గత కల్లోలం" అన్న సాగుడు మాటను తీసివేసి "సాయుధ తిరుగుబాటు" అని మార్చారు. మంత్రివర్గం రాతపూర్వకంగా సలహా ఇస్తే తప్ప రాష్ట్రపతి అత్యవసర ప్రకటన చేయరాదన్నారు. నెలలోగా ఉభయసభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎటువంటి అత్యవసర పరిస్థితిలోనైనా 20, 21 అధికరణాల రక్షణను, అంటే ప్రాణానికీ వ్యక్తిస్వేచ్ఛకూ ఉన్న రక్షణను, తొలగించడానికి వీల్లేదన్నారు. స్నేహలతారెడ్డి వంటివారికి జరిగినదానికి తగిన సమాధానం ఇది. దీనికోసం ఎవరి ఇంటికీ పోలీసులు వెళ్లలేదు, ఫొటోలు పడలేదు. ఆ ప్రభుత్వం పడిపోయింది, ఆమె తిరిగి వచ్చారు, ఆమె తరువాత ఎందరో వచ్చారు. ఆ సవరణ మాత్రం ఇవాళ్టికీ మనల్ని కాపాడుతున్నది. 1976 నాటి సుప్రీంకోర్టు తీర్పును సైతం 2017లో ఆ న్యాయస్థానమే తప్పని తోసిపుచ్చింది. ఒకే ప్రభుత్వం చేసిన రెండు పనులలో ఒకటి తెల్లవారేసరికి వీగిపోయింది, రెండవది నలభై ఏళ్లు దాటి నిలిచింది.

మన తెలుగువాడైన పి.వి. నరసింహారావుగారి కేసు కూడా ఇదే పాఠం చెబుతుంది. 1993 జూలై 28న అవిశ్వాస తీర్మానం 251-265 ఓట్ల తేడాతో వీగిపోయింది. ఓట్ల కోసం సభ్యులకు లంచాలిచ్చారన్న అభియోగంపై 2000 సెప్టెంబరు 29న ప్రత్యేక న్యాయస్థానం ఆయనను దోషి అన్నది. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అని తీర్పు చెప్పింది. వ్యక్తిగా ఆయన కథ అంతటితో ముగిసింది. కాని ఆ కేసు లేవదీసిన పెద్ద ప్రశ్న ముగియలేదు. లంచం పుచ్చుకొని సభలో ఓటేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టు చెప్పిన మాట అలాగే ఉండిపోయింది. అది చెల్లదని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పడానికి 2024 మార్చి 4 వరకు పట్టింది. ఆయన అరెస్టవుతారా కారా అని ఎదురుచూసిన మనలో, ఆ ఇరవైఆరేళ్లలో ఆ ప్రశ్నను పట్టించుకున్నవారెందరు?

తెలుగు ఉపాధ్యాయుడిగా ఒక మాట. కోర్టులో ఇంకా ఏదీ తేలని మనిషిని మన పత్రికలు నిందితుడు అంటాయి. నిందింపబడినవాడు అని దాని అర్థం. మోపడం వేరు, తేల్చడం వేరు. అభియుక్తుడు అంటే అభియోగం మోపబడినవాడు. దోషి అంటే దోషం తేలినవాడు. మన మాటలోనే విచారణకు ముందు నింద చేరిపోయింది. అరెస్టు వార్త వినగానే సగం మంది మిఠాయిలు పంచుకోవడం, సగం మంది బస్సుల అద్దాలు పగులగొట్టడం ఈ కలగాపులగం ఫలితమే. ఇద్దరికీ తీర్పు అప్పుడే వచ్చేసింది. రాజకీయంగా ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు తెలుగు నాయకులు, 2012లో జగన్‌మోహన్‌రెడ్డి, 2023లో చంద్రబాబునాయుడు, అరెస్టయి జైలులో గడిపారు. ఒకరు 2019లో, మరొకరు 2024లో ముఖ్యమంత్రులయ్యారు. వారిలో ఎవరు దోషులో ఎవరు కారో చెప్పవలసినది న్యాయస్థానాలు. నేను చెప్పదలచినది ఒక్కటే. అరెస్టును ఓటరు తీర్పుగా స్వీకరించడం లేదు, 1980లోనూ స్వీకరించలేదు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, 2025 ఆగస్టు 20న లోక్‌సభలో 130వ రాజ్యాంగ సవరణ బిల్లును ప్రవేశపెట్టి సంయుక్త సంఘానికి పంపారు. అయిదేళ్లు లేదా అంతకు మించి శిక్షపడగల నేరారోపణ మీద వరుసగా ముప్ఫై రోజులు నిర్బంధంలో ఉంటే, ప్రధాని అయినా ముఖ్యమంత్రి అయినా మంత్రి అయినా ముప్ఫై ఒకటవ రోజున పదవి పోతుందన్నది దాని సారం. జైలులో కూర్చొని ఫైళ్ల మీద సంతకాలు చేసే పాలకుడు ప్రజాస్వామ్యానికి శోభ కాదు, నిజమే. 2024లో ఢిల్లీ ముఖ్యమంత్రి నెలల తరబడి అలా ఉన్నప్పుడు చాలామందికి అది ఎబ్బెట్టుగా తోచింది. ఆ బిల్లును సమర్థించేవారి బాధ నాకు అర్థమవుతుంది.

కాని కొలత దేనిని పెట్టుకున్నామో చూడాలి. 1977లో మేజిస్ట్రేటు ఆధారమేదని అడిగాడు, లేదనగానే విడిచిపెట్టాడు. ఇవాళ మనీ లాండరింగ్ నిరోధక చట్టం వంటివాటిలో బెయిలు దొరకాలంటే నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని న్యాయమూర్తి ముందుగానే తృప్తిపడాలి. అటువంటి చట్టం కింద ముప్ఫై రోజులు గడవడం ఎంతసేపు? అరెస్టు చేసే సంస్థలు ఎవరి చేతిలో ఉంటే పదవుల తాళంచెవి కూడా వారి చేతికే పోతుంది. ఇవాళ ఒకరి చేతిలో, రేపు మరొకరి చేతిలో. 1977 నాటి హోంమంత్రి చేతిలో ఈ నిబంధనే ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. దినాలను లెక్కపెట్టే బదులు విచారణను లెక్కపెట్టవచ్చు. పాలకుల మీద కేసులకు గడువు పెట్టి, ఆధారాలు పరిశీలించిన న్యాయస్థానం అభియోగాలను ఖరారు చేసిన నాడు పదవి వదలాలని శాసించవచ్చు. అప్పుడు పదవి తీసేది రుజువును తూచిన చేయి అవుతుంది.

పెద్దవాళ్లను అరెస్టు చేయవద్దని నా మాటలకు అర్థం కాదు. అవినీతికి పాల్పడినవాడు ఎంతటివాడైనా బోనెక్కవలసిందే. ఎక్కించేటప్పుడు చేసిన నేరమే అభియోగపత్రంలో ఉండాలి, దానికి రుజువు చేతిలో ఉండాలి. ఆ నేరానికి చట్టంలో చోటు లేకపోతే, అందినదేదో పట్టుకొని మనిషి వెంట పడకుండా, చట్టాన్ని సరిచేసుకోవాలి. 1977లో ఈ వరుస తప్పినందుకు స్నేహలతారెడ్డికి జవాబు చెప్పవలసినవారెవరూ చెప్పకుండానే వెళ్లిపోయారు. ఈసారి ఏ పెద్ద నాయకుడి అరెస్టు వార్త విన్నా, మిఠాయి పొట్లం విప్పేముందు, రాయి చేతికి తీసుకునేముందు, అభియోగమేమిటో, రుజువేమిటో ఒక్కసారి అడగవలసిందిగా పాఠకమిత్రులకు నా మనవి.